వేడినీళ్ళ తొట్టికి అమ్మ పెట్టిన పరీక్ష

మా అమ్మ తడిపి చూడకుండా చీర కొనదు. తాగమని షాపువాళ్ళు ఇచ్చిన గ్లాసెడు నీళ్ళలో కొంగు మూల ముంచి, తెల్ల చేతిగుడ్డ మీద పెట్టి రుద్దుతుంది. రంగు అంటితే చీర వెనక్కి పోతుంది, అంటకపోతే అప్పుడు బేరం మొదలవుతుంది. వయసంతా ఎమ్మిగనూరులో మగ్గం నేసిన మనిషి, బట్ట సంగతి ఆమెకు ఎవరూ చెప్పనక్కర్లేదు. వాళ్ళ నాయన ఎద్దుల్ని కొనేటప్పుడు బండికి కట్టి, ఇసుకలో తోలి చూసిగానీ మాట ఇచ్చేవాడు కాదట. ఆ రక్తమే ఇది. ఆమె చీర తడుపుతున్నంతసేపూ నేనూ మా చెల్లెలూ ఆమె ఎవరో మాకు తెలియనట్టు గోడ మీది క్యాలెండరు చూస్తూ నిలబడేవాళ్ళం.

ఇంత తెలిసినవాళ్ళం, ఆమెను ఆదోనికి వేడినీళ్ళ తొట్టి చూపించడానికి తీసుకుపోయేటప్పుడు ఏం జరగబోతుందో ముందే ఊహించి ఉండాల్సింది. ఊహించలేదు. ఊహించనందుకు ఇప్పటికీ దేవుడికి దండం పెట్టుకుంటాను.

తొట్టి అంటే గొడ్లు నీళ్ళు తాగే తొట్టి అనుకునేరు. ఇది డబుల్ కాట్ మంచమంత ఉంటుంది. లోపల కూర్చోవడానికి నాలుగు వైపులా అరుగుల్లాంటివి. కూర్చుంటే మెడ దాకా నీళ్ళు. కరెంటు మీద నీళ్ళు వాటంతట అవే కాగుతాయి. మీట నొక్కితే గోడల్లో ఉన్న రంధ్రాల్లోంచి నీళ్ళూ గాలీ కలిసి బుసబుసమని వచ్చి నడుమునీ కాళ్ళనీ పిసుకుతాయి. పెద్ద పెద్ద హోటళ్ళలో డబ్బున్నవాళ్ళు ఇందులో కూర్చుని పళ్ళరసం తాగుతుంటారు. మేము కొనాలనుకున్నది పళ్ళరసం కోసం కాదు, అమ్మ మోకాళ్ళ కోసం.

గుంట మగ్గం నేసేవాళ్ళు నేలలో తవ్విన గుంటలోకి కాళ్ళు దించి కూర్చుంటారు. అడుగున ఉన్న చెక్కల్ని ఒకటి మార్చి ఒకటి తొక్కుతూనే ఉండాలి. చిన్నప్పుడు మేము ఆ టకటకకే నిద్రపోయాం, ఆ టకటకకే లేచాం. ఆ తొక్కుడంతా ఇప్పుడు వడ్డీతో సహా అమ్మ మోకాళ్ళలోకి వచ్చి కూర్చుంది. వంచితే నొప్పి, చాపితే నొప్పి. రాత్రిళ్ళు గోడకు ఆనుకుని కూర్చునే కునుకు తీసేది. నాతోనే ఉంటుంది కాబట్టి ఆ మూలుగు నాకు తెలుసు. నేను లేచి లైటు వేస్తే మాత్రం టక్కున ఆపేసి, "నిద్రపోమ్మే, నాకేమైంది?" అనేది.

ఆపరేషన్ చేయించుకోమన్నాడు డాక్టరు. చచ్చినా వద్దంది. అయితే రోజూ వేడినీళ్ళలో కూర్చుని కాళ్ళాడించమన్నాడు, కొంత నయం కావచ్చన్నాడు. కానీ మా అమ్మకు ఏం కొనిచ్చినా ఒకటే మాట: "నాకెందుకు?" కాళ్ళు పిసికే మిషను కొంటే వియ్యపురాలికి ఇచ్చేసింది. వేడినీళ్ళ సంచి కొంటే పక్కింటి బాలింతకు పోయింది. చేతికర్ర తెస్తే దాంతో మిద్దె మీద ఆరేసిన మిరపకాయల దగ్గరికి వచ్చే కోతుల్ని తోలింది. ఇక మిగిలింది ఈ తొట్టి ఒక్కటే. దీనికి కూడా "నాకెందుకు" అందంటే మా దగ్గర వేరే ఉపాయం లేదు. ఆమె అట్లాగే గోడకానుకుని మూలుగుతూ ఉంటుంది, నేను పక్కగదిలో నిద్రపోయినట్టు నటిస్తూ ఉంటాను. నాకు నిజంగా భయంగా ఉండేది.

తొట్టిని కనిపెట్టింది మా చెల్లెలు. అది ఆదోనిలో బట్టలు కుడుతుంది. బాత్రూములో కుళాయి కారుతుంటే కొత్తది కొనడానికి టైల్సు, కమోడ్లు అమ్మే షాపుకు పోయింది. అక్కడ వెనక హాల్లో ఈ తొట్టి, దాన్నిండా కుళాయిల డబ్బాలు. ఎవరో పత్తి మిల్లు ఆసామి కొత్త ఇంటికని తెప్పించుకున్నాడట. తీరా తెస్తే అది ఆయన ఇంటి మెట్లలో పట్టలేదు. ఇచ్చిన అడ్వాన్సు పోతే పోయిందన్నాడు ఆయన, తొట్టి షాపాయన మెడకు చుట్టుకుంది. ధర బాగా తగ్గించి ఇస్తానన్నాడు. ఎంతకో ఇక్కడ రాయను. రాస్తే ఎవరో ఒకరు అమ్మకు చదివి వినిపిస్తారు.

ఆ రాత్రే నేనూ మా ఆయనా పెరట్లో టేపు పట్టుకుని కొలిచాం. ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం. నిమ్మచెట్టు పక్కన సరిగ్గా పడుతుంది. అమ్మ వంటింటి కిటికీలోంచి చూసి, "ఏం కొలుస్తాండారు, నాకేమన్నా గుంట తవ్వుతారా?" అని అడిగింది. ఇక దాచలేక చెప్పేశాను.

ఆమె ఆశ్చర్యపోయింది గానీ వెంటనే వద్దనలేదు. ఒకే ప్రశ్న వేసింది. "ఆ నీళ్ళల్లో మనకంటే ముందు ఎంతమంది కూసున్నారో అడుగు." మా ఊళ్ళో కుళాయి వచ్చే రోజున బిందెల వరస వీధి మలుపు దాకా ఉంటుంది, నిజమే. అయినా ఒకరు పోసుకున్న నీళ్ళు ఇంకొకరు పోసుకోవడం మా ఇంటావంటా లేదు. షాపాయనకు ఫోన్ చేశాను. ఆయన మంచి ఉషారు మనిషి. "ఒక్కరు కూడా కూసోలేదక్కా! అయినా మీ కోసం కొత్తగా ట్యాంకరు తోలిస్తా. కూసోని చూసినాంకనే కొనండి. స్నానానికి వచ్చినట్టే రాండి మీరు!" అన్నాడు. ఫోను స్పీకరులో ఉంది. ఆ చివరి మాట అమ్మ చెవిలో పడింది. ఆయన కొంప మునిగింది అక్కడే.

ఆదివారం పొద్దున్నే బస్సెక్కాం. అమ్మ తను స్వయంగా నేసిన పాత చుక్కల చీర కట్టుకుంది. ఒళ్ళో ఒక మూత డబ్బా పెట్టుకుంది. పెరుగన్నం అనుకున్నాను. ఆమె దగ్గర నువ్వుల నూనె వాసన గుప్పుగుప్పున వస్తోంది, అది రోజూ వచ్చేదే, మోకాళ్ళకు రాసుకుంటుంది కాబట్టి నేను పట్టించుకోలేదు. ముందు సీట్లో కూర్చున్న పెద్దమనిషెవరో మాత్రం నూనె మిల్లేమన్నా వచ్చిందా అన్నట్టు రెండుసార్లు వెనక్కి తిరిగి చూశాడు. ఆదోని బస్టాండులో చెల్లెలు ఆటో పట్టుకుని రెడీగా ఉంది. ముగ్గురం ఒకరి మీద ఒకరం పడుతూ, ఎందుకో తెలియకుండానే కిచకిచ నవ్వుతూ షాపు ముందు దిగాం. తొట్టిలో స్నానం చేసి చూడటానికి పోతున్నాం అని తలుచుకుంటేనే నవ్వొస్తోంది. అమ్మ "ఏంటికట్ల ఇకిలిస్తారు, గౌరవంగా నడవండి" అని మమ్మల్ని తిడుతూ తనూ నవ్వింది.

షాపాయన తొట్టిని తళతళా తుడిపించి పెట్టాడు. నీళ్ళ మీద సన్నగా ఆవిరి. చుట్టూ కమోడ్లు వరసగా నోళ్ళు తెరుచుకుని మమ్మల్నే చూస్తున్నాయి. ఆడవాళ్ళం కదా, ఆయన మర్యాదగా మీటలన్నీ చూపించి బయటికి పోయాడు. షట్టరు కిందికి లాగి జానెడు సందు మాత్రం ఉంచాడు. "నేను ఈడనే కుర్చీ ఏసుకోని కూసుంటా. ఏమన్నా కావాలంటే అరవండి. నీలం మీట గాలికి, ఎర్ర మీట మోటారుకు!" అని బయట్నుంచి కేక వేశాడు.

మేమిద్దరం తెచ్చుకున్న నైటీలు వేసుకుని దిగి, అమ్మను చెరో రెక్కా పట్టుకున్నాం. అమ్మ ఒక కాలు పెట్టి "ఓయమ్మా!" అంది. రెండో కాలు పెట్టి "అమ్మమ్మో!" అంది. మెల్లగా కూర్చోబెట్టాం. చీరలోకి గాలి దూరి నడుము చుట్టూ బుడగలాగా పైకి లేచింది. ఆమె దాన్ని ఒకవైపు అణిస్తే ఇంకోవైపు లేస్తుంది. మా చెల్లెలు నవ్వి నవ్వి నీళ్ళలోకి జారి ఒక గుక్క తాగేసింది.

చీర సద్దుమణిగాక అమ్మ తొట్టి గోడకు ఆనుకుని కూర్చుంది. కాసేపటికి రెండు చేతులూ నీళ్ళలో అటూ ఇటూ ఆడించి, నా వైపు చూసి, "ఇదేందే, నా బరువు యాడికి పోయె?" అంది. నొప్పి ఉందా అని అడిగాను. వెతుక్కుంటున్నట్టు కాసేపు ఆలోచించి, "ఉండాల్లే... కనపడల్యా" అంది. నాకు గుండెల్లో ఎవరో చక్కెర పోసినట్టయింది. గెలిచాం అనుకున్నాను.

కానీ మా అమ్మ సంగతి తెలిసి కూడా అట్లా అనుకోవడం నా బుద్ధితక్కువ.

"ఇప్పుడేం చేయాల?" అంది అమ్మ.

"ఏం చేసేదేముందమ్మా, ఊరికే కూర్చోవడమే."

"ఊరికేనా?" ఆమె మొహం మారిపోయింది. "ఇన్ని నీళ్ళు పెట్టుకోని ఊరికే కూసునేది ఏంది? కూసోని తింటే కొండలు కరుగుతాయి. స్నానమన్నా చేయాల, బట్టలన్నా ఉతకాల. ఆ డబ్బా ఇట్లియ్యి."

చెల్లెలు గట్టు మీదున్న డబ్బా అందించింది. పెరుగన్నం ఇప్పుడెందుకా అని నేను చూస్తూనే ఉన్నాను. మూత తీస్తే అందులో రాత్రంతా నానేసి, పిసికి, వడకట్టిన చిక్కటి కుంకుడు రసం. అప్పుడు గానీ నా బుర్ర వెలగలేదు. స్నానానికి వచ్చినట్టు రమ్మన్నాడు కదా! అమ్మ లెక్కలో స్నానమంటే తలంటు. తలంటు అంటే మాడు నుంచి మడమల దాకా నూనె. పొద్దున్నే లేచి చేతులకీ, వీపుకీ, పొట్టకీ గిన్నెడు నూనె పట్టించుకుని, దాని మీద చీర కట్టుకుని బస్సెక్కింది ఆ మహాతల్లి. నీళ్ళ వైపు చూశాను. అప్పటికే పైన నూనె రంగురంగులుగా తేలుతోంది.

"అమ్మా, వద్దు, ఇందులో అదంతా పొయ్యకూడదు" అంటున్నాను.

"పొయ్యకుంటే ఎట్ల తెలుస్తాది? జిడ్డు పోతాదో లేదో చూసుకోకుండా కొంటారా ఎవురన్నా?" అని నెత్తిన సగం కుమ్మరించుకుంది. సగం నీళ్ళలో పడింది. కంగారులో మా చెల్లెలు లేచి నిలబడబోయి, ఊతానికి గోడ మీద చెయ్యి వేసింది. ఆ చెయ్యి ఎర్ర మీట మీదా నీలం మీట మీదా ఒకేసారి పడింది.

మోటారు గుర్రుమంది. నాలుగు వైపుల్నుంచీ గాలి బుస్సుమని తన్నింది.

కుంకుడు నురగ గిన్నెలో చూసినవాళ్ళకు దాని శక్తి తెలియదు. అది ముందు మా గడ్డాల దాకా వచ్చింది. తర్వాత ముక్కుల దాకా వచ్చింది. తర్వాత మా చెల్లెలు కనపడలేదు, "అక్కా, నేనీడుండా" అని మాట మాత్రం వినపడింది. తెల్లగా, గుట్టలు గుట్టలుగా, పొయ్యి మీద పాలు పొంగినట్టు పొంగి, గట్టు దాటి, నేల మీదికి దిగి, కమోడ్ల మధ్యలోంచి తీరిగ్గా వాకిలి వైపు బయల్దేరింది. నేను మీట కోసం వెతుకుతున్నాను, చేతికి అమ్మ కొప్పు దొరికింది. అమ్మ కళ్ళు గట్టిగా మూసుకుని, ఇంత అవకాశం మళ్ళీ రాదన్నట్టు పరపరా తల రుద్దుకుంటోంది. నేను ఏడ్వాలో నవ్వాలో తెలియక ముందు నవ్వాను. ఆ తర్వాత ఇక ఆపడం నా చేతిలో లేదు. ముగ్గురికీ నవ్వు పట్టుకుంది. పొట్టలు పట్టుకుని, నురగ మింగి, దగ్గి, మళ్ళీ నవ్వాం.

షట్టరు కింది సందులోంచి నురగ వీధిలోకి పోయింది. బయట ఎవరో "ఏమన్నా, లోపల ఏం కాగబెడుతాండావు?" అని అడగడం వినపడింది. తర్వాత షాపాయన గొంతు, పాపం, చాలా మెల్లగా వచ్చింది.

"అక్కా... సబ్బేమన్నా ఏస్తిరా?"

"సబ్బు కాదన్నా, కుంకుడు రసం!"

బయట కుర్చీ కిర్రుమని జరిగింది. "ఇంకేమన్నా ఏసినారా?"

నేను చెప్పేలోపే అమ్మ అందుకుంది. "నూనె అంటుకోనొస్తినప్పా! నూనె ల్యాకుండా నీళ్ళు పోసుకుంటారా యాడన్నా?" తర్వాత తన ముంజేతిని బొటనవేలితో గట్టిగా రుద్ది, వాసన చూసి, సంతోషంగా తీర్పు చెప్పింది. "జిడ్డు శుద్ధంగా పోయింది! మీ తొట్టి పాసైందప్పా!"

"తొట్టి పాసైంది పెద్దమ్మా, మోటారు ఫెయిలయ్యేట్లుంది! ఎర్ర మీట ఆపండి తల్లీ!"

ఎట్లాగో మీట దొరికింది. మోటారు ఆగింది. నురగ చిటచిటమంటూ మెల్లగా కూర్చోసాగింది. షాపాయన బయట్నుంచే అన్నీ వివరించాడు. తలంటు ముందే ఇంట్లో పోసుకుని, శుభ్రంగా కడుక్కుని, ఆ తర్వాతే ఇందులో దిగాలట. ఇందులో చేయాల్సిన పని ఏమీ లేదట. ఈ నీళ్ళన్నీ వదిలెయ్యాలి, నీళ్ళు వడగట్టే జల్లెడ తీసి కడగాలి, మీరు బయటికి వస్తే ఆ పని చూసుకుంటానన్నాడు. నీళ్ళ ఖర్చూ కడుగుడు ఖర్చూ మేమే పెట్టుకుంటామని చెప్పాం. ఆయన గొంతులో కోపం లేదు, కానీ మాకే సిగ్గుగా ఉంది.

నాకు నవ్వు దిగిపోయి భయం పట్టుకుంది. ఎవరికైనా తన వల్ల ఇబ్బంది కలిగిందంటే మా అమ్మ ఒక్క నిమిషం అక్కడ నిలవదు. పెళ్ళిలో పంక్తి మీద నీళ్ళ గ్లాసు ఒలికిందని అన్నం వదిలి లేచిపోయిన మనిషి. ఇప్పుడు లేస్తుంది, చీర పిండుకుంటుంది, షాపాయనకు చేతులు జోడిస్తుంది, బస్సులో కూర్చున్నాక నేను అడిగీ అడగకముందే "నాకెందుకు" అనేస్తుంది. మోకాళ్ళ కథ అక్కడితో ముగుస్తుంది. చెల్లెలు నా మొహం చూసింది. దానికీ అదే భయం.

"లేమ్మా, పట్టుకుంటాం" అని చెయ్యి చాపాను.

అమ్మ చెయ్యి ఇవ్వలేదు. నురగ విరిగిన చోట నీళ్ళలోకి చూశాను. ఆమె కాళ్ళు కదులుతున్నాయి. కుడికాలు ముందుకు, ఎడమకాలు వెనక్కి, మళ్ళీ ఎడమకాలు ముందుకు. మోకాళ్ళు వంగుతున్నాయి. అంత సులువుగా వంగడం నేను చూసి ఎన్నేళ్ళయిందో. ఆమె దాన్ని గమనించినట్టే లేదు. ఎదురుగా ఉన్న వాష్‌బేసిన్ల వైపు చూస్తూ, "మీరిద్దరూ బయటికి పోండి" అంది.

"ఎందుకమ్మా?"

"నేనొక్కదాన్నే కొంచేపు ఉంటా."

అమ్మ నోట ఆ మాట నేను పుట్టి బుద్ధెరిగాక వినలేదు. మా చిన్నప్పటి ఒంటిగది ఇంట్లో మగ్గం ఒకవైపు, మా నాయనమ్మ మంచం ఒకవైపు, పొయ్యి ఒకవైపు, మధ్యలో మేము. ఆమె తలంటు కూడా దడి వెనకాల నాలుగు చెంబుల్లో అయిపోయేది, అప్పుడు కూడా మాలో ఎవరో ఒకరం పిలుస్తూనే ఉండేవాళ్ళం. ఒక్కతే ఉండాలని ఆమెకు ఎప్పుడైనా అనిపించి ఉంటుందని మాకు తోచనే లేదు. నాకు ముక్కు చివర మండింది. నురగ కళ్ళలో పడిందని చెల్లెలికి చెప్పాను. అది కూడా నాకు అదే చెప్పింది.

తడి నైటీల మీద తువ్వాళ్ళు చుట్టుకుని షట్టరు కిందినుంచి వంగి బయటికి వచ్చాం. అమ్మ జారితే వినపడాలని సందు అట్లాగే ఉంచాం. ఎండ చుర్రుమంది. జుట్టులో నురగతో, కారుతున్న బట్టలతో ఇద్దరు నడివయసు ఆడవాళ్ళు ఆదోని నడిబజారులో! అరటిపళ్ళ బండాయన బేరం మరిచిపోయి చూస్తున్నాడు. ఒక కుక్క నురగను వాసన చూసి తుమ్మింది. మాకు మళ్ళీ నవ్వు తన్నుకొచ్చింది. షాపాయన కుర్చీలోంచి లేచి, మమ్మల్ని ఎగాదిగా చూసి, "పెద్దమ్మ?" అన్నాడు.

"లోపలే ఉంది. ఒక్క అయిదు నిమిషాలు ఉంటుందట అన్నా."

ఆయన ఏదో అనబోయాడు. అంతలో లోపల్నుంచి గుర్రుమని చప్పుడు. మోటారు. ఈసారి ఎవరి చెయ్యో పొరపాటున పడి వచ్చింది కాదు. నీళ్ళలో చెయ్యి చాచి, ఏ మీట ఏదో గుర్తు తెచ్చుకుని, వేలు పెట్టి నొక్కితే వచ్చిన చప్పుడు. షట్టరు కిందినుంచి కొత్త నురగ నెమ్మదిగా తొంగి చూసింది.

"అయ్యో అక్కా, ఆపమనక్కా!" షాపాయన షట్టరు వైపు ఉరికాడు.

నేను ఆయన మోచెయ్యి పట్టుకుని ఆపాను. పరాయి మగవాణ్ణి బజారులో అట్లా పట్టుకోవడం నా జన్మలో అదే మొదలు. "ఉండన్నా. దండం పెడతా. కొంచేపు ఉండు."

ఆయన ఆగాడు. ముగ్గురం నిలబడి ఆ గుర్రుగుర్రు విన్నాం. చెల్లెలు నా వేళ్ళు పట్టుకుంది. చివరికి షాపాయన నిట్టూర్చి, "సరేలే అక్కా. ఇంతకూ తీసుకుంటారా లేదా, పెద్దమ్మనొక మాట అడిగి చెప్పండి" అన్నాడు.

"అడగనన్నా. అడిగితే వద్దంటుంది" అన్నాను. "ఇంటికి ఎప్పుడు పంపిస్తావో అది చెప్పు."